కాలు తీసినను ఆగని బండి

గుఱ్ఱము బెదరి పరుగెత్తినప్పుడు కారణము వెదకుట కష్టము కాదు. పామును చూచియుండును, లేదా కళ్లెము తెగియుండును. మోటారు బండి అట్లు పరుగెత్తినప్పుడు మాత్రము వెంటనే వివాదము పుట్టును. తప్పు బండిదని నడపినవాడనును. వాని కాలిదని కంపెనీ యనును. అమెరికా దేశమున ఈ వివాదము దశాబ్దముల పాటు నడచినది. అందు ఒకసారి బండి దోషి యైనది, ఒకసారి కాలు దోషి యైనది. కావుననే ఆ చరిత్ర వినదగియున్నది.

పూర్వపు బండ్లలో యాక్సిలరేటరు పెడలు నుండి కార్బ్యురేటరు వరకు ఇనుప కమ్మీ గాని, తీగ గాని ఉండెడిది. పెడలు నొక్కినచో థ్రాటిల్ రేకు తెఱచుకొని ఇంజనులోనికి గాలియు, దానితోపాటు పెట్రోలును అధికముగా పోవును. కాలు తీసినచో స్ప్రింగు ఆ రేకును మూయును. స్ప్రింగు విఱిగినను, తీగ తన గొట్టములో బిగిసినను ఇంజను వేగము తగ్గదు. ఇవి మెకానిక్కు కంటికి కనబడు దోషములు. కనబడని దోషమొకటి 1960 దశాబ్దపు షెవర్లే బండ్లలో దాగియుండెను.

ఇంజనును చట్రముపై నిలుపుటకు ఇరుప్రక్కల రబ్బరు దిమ్మలుండును. వీనిని మౌంటింగులందురు. ఇంజను కుదుపును ఇవి మ్రింగివేయును. వేడికి, నూనెకు కొన్నాళ్లకు రబ్బరు తన ఇనుప పలక నుండి ఊడిపోవును. అప్పుడు నడుపువాడు పెడలును గట్టిగా నొక్కెనా, ఇంజను తన బలమునకు తానే మెలితిరిగి ఎడమ ప్రక్క పైకి లేచును. థ్రాటిల్ కమ్మీ ఒక కొన బండి శరీరమునకు, రెండవ కొన ఇంజనునకు తగిలియున్నది గదా! ఇంజను లేచినకొలది కమ్మీ లాగబడును, థ్రాటిల్ ఇంకను తెఱచుకొనును. బలము పెరిగి ఇంజను ఇంకను లేచును. నడుపువాడు కాలు తీసినను ప్రయోజనము లేదు. అదే కుదుపులో బ్రేకునకు సాయపడు గొట్టము ఊడుటయు కలదు.

ఇందలి చిక్కు ఏమనగా, బండి ఆగిన పిమ్మట ఇంజను తన బరువుతో మరల యథాస్థానమున కూర్చుండును. మెకానిక్కు పెడలు నొక్కి వదలి చూచును. అంతయు సరిగానే యుండును. బండి యజమాని మాటపై అనుమానము కలుగును. దోషము పట్టవలెనన్న బానెట్టు తెఱచి, ఇంజను క్రింద గునపము వంటి దానితో ఎత్తి చూడవలెను. లేదా బ్రేకు గట్టిగా నొక్కిపెట్టి, గేరు వేసి, ఇంజనుపై కొంచెము బరువు మోపి అది లేచునేమో గమనింపవలెను. ఆ సమయమున బండి ముందు ఎవ్వరును నిలువరాదు.

1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల బండ్లను వెనుకకు పిలిచినది. కార్లతోపాటు పికప్ ట్రక్కులును అందులో నున్నవి. అంతవరకు అంత పెద్ద పిలుపు లేదు. వారు చేసిన మరమ్మతు కొత్త మౌంటింగు వేయుట కాదు. ఇంజను పైకి లేవకుండ ఒక ఉక్కు తీగతో కట్టివేయుట. ఇది చౌకబారు ఉపాయమని తోచవచ్చును గాని, మా మతమున ఇందు వివేకము కలదు. రబ్బరు ఏనాటికైన తెగునని ఒప్పుకొని, తెగినను ప్రాణము పోకుండ చూచిరి.

తరువాతి వివాదమున తీర్పు తలక్రిందులైనది. 1986 నవంబరులో ఒక టెలివిజన్ కార్యక్రమము ఆడి 5000 కార్లపై తీవ్రముగ ఆరోపించినది. ఆ కార్ల అమ్మకములు కుప్పకూలినవి. 1989లో ప్రభుత్వ పరిశోధకులు చెప్పినదేమనగా, అధిక సందర్భములలో నడుపువారు బ్రేకనుకొని యాక్సిలరేటరును నొక్కిరి. వారు అబద్ధమాడిరనుట న్యాయము కాదు. కాలికి కన్ను లేదు. పెడళ్ల అమరికయు, ఇంజను ఒక్కసారి హుంకరించుటయు ఆ పొరపాటునకు తోడ్పడినవని పరిశోధకులే చెప్పిరి. బ్రేకు నొక్కనిదే గేరు కదలని తాళము అప్పటి నుండియే వ్యాప్తికి వచ్చినది.

తీగ పోయి విద్యుత్తు వచ్చిన పిమ్మట అనుమానము మఱింత పెరిగినది. 2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలోని శాంటీ వద్ద ఒక లెక్సస్ కారు ఆగక నలుగురు మరణించిరి. వేఱొక మోడలునకు చెందిన కాలిపట్టా పెడలును పట్టివేసినది! తరువాతి పిలుపులో టకోమా, టండ్రా పికప్ ట్రక్కులును చేరినవి; పెడలు అడుగుభాగమును కత్తిరించి పొట్టి చేసిరి. 2010 జనవరిలో రెండవ పిలుపు: పెడలు లోపలి రాపిడి భాగము అరిగి, తేమకు పట్టుకొనుచుండగా సన్నని ఉక్కు రేకు నమర్చిరి. ఎలక్ట్రానిక్ లోపమే కారణమని తమకు కనబడలేదని నాసా పరిశోధన 2011లో తెలిపినది. అయినను 2013లో ఓక్లహోమా జ్యూరీ ఒక 2005 కామ్రీ విషయమున కంపెనీనే తప్పుపట్టినది. పట్టా, పెడళ్ల సంగతి ప్రజలకు సరిగా చెప్పనందుకు టయోటా 2014లో 120 కోట్ల డాలర్లు చెల్లించినది. లోపము కంటె దానిని దాచుటయే మాకు పెద్ద దోషముగా తోచుచున్నది.

ఇట్టి ఆపద వచ్చినప్పుడు బ్రేకును మాటిమాటికి నొక్కి వదలరాదు. థ్రాటిల్ తెఱచియున్నంతవరకు బ్రేకునకు సాయపడు శూన్యము ఇంజనులో పుట్టదు. నిలువయున్నది రెండు మూడు నొక్కులకే తీరిపోవును. ఒక్కసారి బలముగ నొక్కి, వదలక, గేరును న్యూట్రలునకు మార్చవలెను. ఇంజను అఱచిన అఱవనిండు. బండి రోడ్డు ప్రక్కన నిలిచిన తరువాతనే ఇంజనును ఆపవలెను.