బందరు దారిలో మిరియాలు

పటమట మీదుగా పోయే బందరు రోడ్డు చివర మచిలీపట్నం రేవు ఉంది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడికి వచ్చారు. వాళ్లకు కావలసినవి మిరియాలు, జాజికాయ. అవి పండేది జావా, సుమత్రా వైపు దీవుల్లో. అక్కడ చెల్లే సరుకు మన కోస్తా మగ్గాల గుడ్డ. ఇక్కడ గుడ్డ కొని, అక్కడ ఇచ్చి, మిరియాలు తీసుకున్నారు. నేసినవాడూ పండించినవాడూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

ఇప్పుడు మిరియాలు మన కొండల్లోనే పండుతున్నాయి. పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు ఆ తీగ పాకి ఉంటుంది. అదే నేలలో రెండో రాబడి.

2009 ఆగస్టులో మన దేశం ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో సరుకుల వ్యాపార ఒప్పందం చేసుకుంది. 2010 నుంచి అమలు. దిగుమతి సుంకాన్ని 2019 చివరికల్లా మిరియాల మీద 70 శాతం నుంచి 50కి, కాఫీ మీద 100 నుంచి 45కి దించుతామని రాసిచ్చింది. కేరళ ఆనాడే గగ్గోలు పెట్టింది. మన సంతల్లో ఆ ఒప్పందం పేరెత్తినవారిని మేము చూడలేదు.

అయితే 50 శాతం చిన్న గోడ కాదు. కంత వేరేచోట ఉంది. శ్రీలంకతో 2000 నుంచి ఉన్న ఒప్పందం వల్లా, ఆ తర్వాతి దక్షిణాసియా ఒప్పందం వల్లా అక్కడి మిరియాలకు సుంకం బాగా తక్కువ. ఆ దారిన వియత్నాం సరుకు శ్రీలంక సరుకుగా వచ్చిపడుతోందని రైతులు మొరపెట్టుకున్నారు. చివరికి 2017 డిసెంబరులో కేంద్రం కిలో 500 రూపాయల కంటే తక్కువకు దిగుమతి చేయరాదని కట్టడి పెట్టింది.

కాఫీ సంగతి వేరు. మన దేశపు కాఫీలో ఎక్కువ భాగం బయటికే పోతుంది. అరబికా ధర న్యూయార్క్‌లో తేలుతుంది. ఇక్కడి సుంకం దాన్ని కాపాడలేదు. 1989 వరకు కాపాడింది అమ్మే దేశాలూ కొనే దేశాలూ కలిసి రాసుకున్న ఎగుమతి కోటాలు. ఆ జూలైలో అవి ఆగిపోగానే ధర కుప్పకూలింది. కూటమి అనగానే కీడే అనుకోనక్కర్లేదు, అందులో ఏం రాసుకున్నారో చూడాలి.

ఇక మన పోటీదారు వియత్నాం. అదీ పరాయి పాలనలో మగ్గిన దేశమే, ఏలినవాళ్లు ఫ్రెంచివాళ్లు. 1995లో ఆసియాన్‌లో చేరింది. అక్కడ కాఫీ, మిరియాలు విస్తరించింది డాక్ లాక్, జా లాయ్ ఎత్తుభూముల్లో. అది ఎడే, జరాయ్ ఆదివాసుల నేల. మైదానాల నుంచి వచ్చినవాళ్లు తోటలు వేస్తుంటే వాళ్లు భూములు పోగొట్టుకున్నారు. 2001లో, మళ్లీ 2004లో రోడ్డెక్కారు. మనకు 1/70 చట్టం ఉండబట్టి పాడేరు తోటలు ఇంకా మన చేతుల్లో ఉన్నాయి. మన రేటును కిందికి లాగిన ఆ గింజ కూడా ఆదివాసుల కొండ మీద పండిందే.

ఆసియాన్ ఒప్పందాన్ని సమీక్షించడానికి 2023లో రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మిరియాల మీది సుంకం అంకె కూడా ఆ కాగితాల్లోనే ఉంది.