ఉపగ్రహం ఎవరి సొత్తు?

రోదసి యాత్ర ప్రభుత్వాల పనియా, ప్రైవేటు కంపెనీల పనియా అన్న చర్చ నేడు తరచుగా వినవస్తున్నది. శ్రోతలకు ఇది కొత్తగా తోచవచ్చును గాని, 1962లోనే ఈ ప్రశ్న అమెరికా సెనేటును రోజుల తరబడి నిలవేసినది.

ఆ సంవత్సరం జూలై 10వ తేదీన కేప్ కెనావరల్ నుండి టెల్‌స్టార్ అనే ఉపగ్రహం ఎగసినది. దాని బరువు సుమారు 77 కిలోలు. దానిని నిర్మించినది ఎ.టి. అండ్ టి. అనే టెలిఫోను కంపెనీవారి బెల్ పరిశోధనశాల. రాకెట్టును ప్రయోగించినది మాత్రం ప్రభుత్వ సంస్థయైన నాసా. అందుకు కంపెనీ సుమారు 30 లక్షల డాలర్లు చెల్లించినది. అట్లాంటిక్ సముద్రానికి ఒక ఒడ్డున జరుగుతున్న దృశ్యం ఆ క్షణంలోనే రెండవ ఒడ్డున టెలివిజన్‌లో కనిపించినది.

కంపెనీ ఇచ్చినది ఆ ఒక్క ప్రయోగపు ఖర్చే. రాకెట్టుకు మూలమైన థార్ క్షిపణిని అంతకు పూర్వమే ప్రజల పన్నులతో సైన్యం కొరకు తయారుచేశారు. చిత్రమేమంటే, ఉపగ్రహానికి చేటు కూడ ప్రభుత్వం నుండే వచ్చినది. ప్రయోగానికి ముందురోజు పసిఫిక్ సముద్రంపై, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, అమెరికా ఒక అణుపరీక్ష జరిపినది. దానివలన భూమిచుట్టూ పెరిగిన రేడియేషన్ టెల్‌స్టార్‌లోని ట్రాన్సిస్టర్లను దెబ్బతీసినది. 1963 ఫిబ్రవరిలో అది శాశ్వతంగా మూగవోయినది.

ఈలోగా ఉపగ్రహ వార్తాప్రసారాలను ప్రైవేటు సంస్థకు అప్పగించే బిల్లు సెనేటు ముందుకు వచ్చినది. ఎస్టెస్ కెఫావర్ మొదలైన సభ్యులు తీవ్రంగా ప్రతిఘటించారు. చెరువు ఊరంతా తవ్వితే చేపల పాట ఒక్కరికే దక్కినట్లున్నదని వారి వాదంలోని సారాంశం. వారి సుదీర్ఘ ప్రసంగాలను ఆపడానికి ఆగస్టు 14న సభ వోటుచేయవలసి వచ్చినది. 1927 తరువాత అటువంటి తీర్మానం నెగ్గడం అదే మొదటిసారి. ఆగస్టు 31న అధ్యక్షుడు కెనెడీ సంతకంతో బిల్లు శాసనమైనది.

శాసనం మధ్యేమార్గం తొక్కినది. కాంశాట్ అనే కొత్త సంస్థ ఏర్పడినది. 1964లో దాని వాటాలలో సగం వార్తా కంపెనీలకు, సగం సాధారణ ప్రజలకు అమ్మారు. 15 మంది డైరెక్టర్లలో ముగ్గురిని దేశాధ్యక్షుడే నియమించేవాడు. 1965 ఏప్రిల్ 6న ఈ సంస్థ పంపిన ‘ఎర్లీ బర్డ్’ 240 టెలిఫోను సంభాషణలకు దారి కల్పించినది. అయితే దానికి ముందు నాసా ధనంతో హ్యూస్ కంపెనీ నిర్మించిన సింకామ్ ఉపగ్రహాలే ఆ మార్గం సుగమమని నిరూపించినవి. మొదటి సాహసానికి పెట్టుబడి మరల ప్రజలదే.

అదే ప్రశ్న ఇప్పుడు మన ముంగిటికి వచ్చినది. హైదరాబాదు సంస్థ స్కైరూట్ రూపొందించిన విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ఎగసినది. ఆ ప్రయోగకేంద్రం ఇస్రో దశాబ్దాల కృషితో, ప్రజాధనంతో నిలబెట్టినది. కంపెనీలు రావడం మేలే. వాటి చురుకుదనం అవసరమే. కాని మొదటి నష్టానికి ఓర్చిన ప్రజలకు రేపటి లాభంలో రావలసిన పాలెంతో ఒప్పందాలు వ్రాసుకొనేనాడే తేల్చుకొనడం మంచిది. అమెరికా సెనేటులో ఆ కొద్దిమంది సభ్యులు ఓడిపోయినా, వారు అడిగిన ప్రశ్న ఇంకను సమాధానం కోరుతూనే ఉన్నది.