హెల్మెట్ సరే.. మరి ముఖానికి రక్షణ ఉందా? కొనేముందు చూడాల్సినవి ఇవే

తలమీద హెల్మెట్ ఉంటే చలానా పడకపోవచ్చు. కానీ బండి జారి కిందపడితే దవడ, పళ్లు, ముక్కు, కళ్లు క్షేమంగా ఉంటాయా? అది మూడు విషయాలను బట్టి ఉంటుంది. మీ హెల్మెట్ ఏ రకానిది, తలకు ఎంత బిగువుగా కూర్చుంది, పట్టీ పెట్టుకున్నారా లేదా?

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 129 ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, వెనక కూర్చున్నవారు సహా, హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. ఉల్లంఘిస్తే సెక్షన్ 194డి కింద రూ.1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత. పట్టీతో తలకు గట్టిగా బిగించుకోవాలని కూడా ఇదే చట్టం చెబుతోంది. అంటే బకిల్ పెట్టకుండా ఊరికే తగిలించుకుంటే అది నిబంధన పాటించినట్టు కాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా 50,029 మంది చనిపోయారు. వీరిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే.

దెబ్బ ఎక్కడ తగులుతుంది?

హెల్మెట్ వల్ల మరణం ముప్పు సుమారు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ముఖం సంగతి అలా ఒక్క అంకెలో చెప్పలేం. అది హెల్మెట్ ఆకారాన్ని బట్టి మారుతుంది.

జర్మనీలో డీట్‌మార్ ఓటె ప్రమాదాలకు గురైన హెల్మెట్లను పరిశీలించి, ఏ భాగానికి ఎన్ని దెబ్బలు తగిలాయో లెక్కగట్టారు. వాటిలో దాదాపు మూడో వంతు గడ్డం భాగానివే. ముందుకు పడినప్పుడు రోడ్డుకో, ఎదుటి వాహనానికో మొదట తగిలేది చాలాసార్లు ముఖమే.

దవడ విరిగితే ప్లేట్లు వేస్తారు. లేదంటే కొన్ని వారాలు పై పళ్లను, కింది పళ్లను కలిపి తీగతో కట్టేస్తారు. అన్నాళ్లూ జావ, పాలు, రసాలతోనే గడపాలి.

ఏ రకం హెల్మెట్ మేలు?

హాఫ్ హెల్మెట్: టోపీలా నడినెత్తిని కప్పుతుంది. ముఖానికి ఏ రక్షణా ఉండదు.

ఓపెన్ ఫేస్: తల, చెవులు భద్రం. వైజర్ ఉంటే దుమ్ము, పురుగులు కళ్లలో పడవు. కానీ గడ్డం బయటే ఉంటుంది. పలుచటి వైజర్ దవడను కాపాడలేదు.

ఫుల్ ఫేస్: గడ్డం ముందు చిన్ బార్ ఉంటుంది. దెబ్బను ముందుగా అదే కాచుకుంటుంది. ముఖానికి మెరుగైన రక్షణ దీనితోనే.

మాడ్యులర్: చిన్ బార్‌ను పైకి ఎత్తుకోవచ్చు. కిందికి దించి లాక్ చేస్తేనే ప్రయోజనం. ఉక్కపోతకు ఎత్తి నడిపితే ఓపెన్ ఫేస్‌తో సమానమే.

విదేశీ బ్రాండ్లపై ఈసీఈ లేబుల్ ఉంటే అక్షరాలు గమనించండి. ‘పీ’ అంటే చిన్ బార్ రక్షణ ఇస్తుందని, ‘ఎన్‌పీ’ అంటే ఇవ్వదని అర్థం.

సైజు ఎలా చూసుకోవాలి?

కనుబొమలకు రెండు వేళ్ల పైన, వెనక తల బాగా ఉబ్బుగా ఉన్నచోట కలిసేలా టేపు చుట్టి కొలవండి. ఆ సెంటీమీటర్ల ప్రకారమే సైజు ఎంచుకోండి. తర్వాత షాపులోనే ఈ పరీక్షలు చేయండి.

• హెల్మెట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. బుగ్గలు, నుదుటి చర్మం దాంతోపాటే కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు.

• పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి. ఊడి వస్తే ప్రమాదంలోనూ ఊడిపోతుంది.

• పట్టీకి, గడ్డానికి మధ్య ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు.

• పదిహేను నిమిషాలు పెట్టుకుని చూడండి. నుదుటి మీద ఒకేచోట నొప్పి వస్తే అది మీ తల ఆకారానికి నప్పదు. ఇంకో మోడల్ చూడండి.

కొత్తలో బుగ్గల దగ్గర కాస్త బిగుతుగా ఉండటం మంచిదే. ప్యాడ్లు వాడేకొద్దీ అణుగుతాయి. జడను మడిచి ముడి వేసుకునేవారు ముడిని మెడ దగ్గరికి దించుకోవాలి. లేదంటే హెల్మెట్ పైకి లేచి నుదురు బయటపడుతుంది.

అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

2021 జూన్ 1 నుంచి దేశంలో ఐఎస్‌ఐ మార్కు లేని బైక్ హెల్మెట్ల అమ్మకం నిషిద్ధం. లేబుల్‌పై ఐఎస్ 4151 అనే ప్రమాణం, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. కంపెనీ పేరు కలవకపోతే కొనకండి.

ఎప్పుడు మార్చాలి?

హెల్మెట్ లోపల థర్మోకోల్ లాంటి పొర ఉంటుంది. తాను నలిగి దెబ్బ తీవ్రతను తగ్గించడమే దాని పని. ఒకసారి నలిగితే మళ్లీ యథాస్థితికి రాదు. అందుకే ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా, మార్చేయాలి. ప్రమాదమేమీ జరగకపోయినా ఐదేళ్లకోసారి మార్చాలని చాలా కంపెనీలు సూచిస్తాయి.

ఇంట్లో ఉన్న హెల్మెట్‌కూ పైన చెప్పిన పరీక్షలు చేయొచ్చు. వెనక కూర్చునేవారి కోసం పక్కన పెట్టిన పాత హెల్మెట్‌తోనే మొదలుపెట్టండి. సాధారణంగా వదులైనదీ, పట్టీ తెగినదీ అదే.