అహోరాత్రములు, ఋతువులు: భూభ్రమణ సిద్ధాంతము నడచిన దారి

సూర్యుడు ఏనాడు ఏ దిక్కునకు జరిగి యుదయించునో, ఏ మాసమున పగలెంత దీర్ఘమగునో లెక్కగట్టి చెప్పగల విద్వాంసులు రెండువేల యేండ్లకు పూర్వమే మన దేశమునందును, బాబిలోనునందును, యవన దేశమునందును ఉండిరి. కాని ఆ మార్పులన్నింటికిని కారణము మన కాలిక్రింది నేల కదలుటయే యనియు, ఆ కదలికయు ఒరిగిన యిరుసుతోడి కదలిక యనియు ప్రత్యక్షముగ ఋజువగుటకు క్రీ.శ. 19వ శతాబ్ది రావలసివచ్చెను. గణితమునకును కారణజ్ఞానమునకును నడుమ ఇంతటి యెడ మేల కలిగెనన్నదే ఈ వ్యాసమున పరిశీలింపదలచిన విషయము.

మన వాఙ్మయమున ఈ విచారమునకు తొలి ఆధారము లగధుని పేర వెలసిన వేదాంగ జ్యోతిషము. అహోరాత్రమును ముప్పది ముహూర్తములుగ, అనగా అరువది గడియలుగ విభజించి, దక్షిణాయనాంతమున పగలు 12 ముహూర్తములనియు, ఉత్తరాయణాంతమున 18 ముహూర్తములనియు అందు చెప్పబడినది. ఈ లెక్క ఆంధ్రదేశమునకు పొసగదు. హైదరాబాదున మిక్కిలి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటలు, మిక్కిలి హ్రస్వమైనది సుమారు 11 గంటలు మాత్రమే. మూడింటికి రెండు అను నిష్పత్తి దాదాపు 35 అంశల ఉత్తర అక్షాంశమున, అనగా భారతఖండపు వాయవ్య సీమలలో సరిపోవును.

కాలమును నీటి గడియారముతో కొలిచిన ఆ పెద్దలే దిక్కులను శంకుచ్ఛాయతో కొలిచిరి. చదును చేసిన నేలపై పండ్రెండంగుళముల శంకువును నిలువున నాటి, దానిచుట్టు వృత్తము గీసి, నీడ కొన ఉదయమున వృత్తమును ఎచ్చట ప్రవేశించునో, అపరాహ్ణమున ఎచ్చట వెడలునో గుర్తించి, ఆ రెండు బిందువులను కలిపినచో తూర్పుపడమరల రేఖ ఏర్పడును. శుల్బసూత్రముల నాటిదైన యీ ప్రక్రియ సామాన్యముగ కన్పించును గాని, ఖగోళశాస్త్రపు పునాదిలో సగము దీనియందే యున్నది. హైదరాబాదున అట్టి శంకువును నిలిపినవారికి విషువద్దినమున మధ్యాహ్నపు నీడ మూడుముప్పాతిక అంగుళములుండును. జ్యోతిషికులు పలభ యనునది ఇదియే. డిసెంబరు 22 ప్రాంతమున ఆ నీడయే పది యంగుళములు దాటి ఉత్తరమునకు సాగును. జూను 21 ప్రాంతమున అంగుళమున్నరకు లోపలనే ముడుచుకొని, అదియు దక్షిణముగ పడును. ఈ నీడల భేదమునుండియే సూర్యుని పరమక్రాంతి 24 అంశలని మన సిద్ధాంతకర్తలు నిర్ణయించిరి. నేటి విలువ 23 అంశల 26 కలలు. మేరువునందు, అనగా ఉత్తరధ్రువమున, ఆరుమాసములు పగలు, ఆరుమాసములు రాత్రి యని సూర్యసిద్ధాంతము చెప్పినది కూడ కల్పనాకథ కాదు. గోళాకారమైన భూమికిని, ఒరిగిన సూర్యమార్గమునకును గల సంబంధమును గణించి తేల్చిన ఫలితము. అయితే ఒరిగినది సూర్యమార్గమా, భూమియా యను ప్రశ్న వారికి తట్టలేదు. తట్టవలసిన అవసరమును ఆ గణితమునకు లేదు.

ఆ ప్రశ్నలో సగమును సాహసించి లేవనెత్తినవాడు ఆర్యభటుడు. క్రీ.శ. 476లో జన్మించి, ఇరువదిమూడవ యేట, 499లో, ఆర్యభటీయమును రచించిన ఈ మహామేధావి, పడవలో ముందునకు పోవువానికి గట్టుమీది వస్తువులు వెనుకకు పోవునట్లు ఎట్లు తోచునో యట్లే స్థిరములైన నక్షత్రములు పడమటికి పోవునట్లు మనకు తోచుచున్నవని వివరించెను. అంతటితో ఆగక, 43,20,000 సంవత్సరముల యుగమున భూమి 1,58,22,37,500 మారులు తన చుట్టు తాను తిరుగునని సంఖ్యను గూడ నిర్దేశించెను. ఆ లెక్కచొప్పున భూమి యొక్క ఒక్క యావర్తనమునకు 23 గంటల 56 నిమిషముల 4.1 సెకండ్లు పట్టును. నేటి సూక్ష్మయంత్రములు చూపు విలువకు ఇది సెకండులో శతాంశముతో సరితూగుచున్నది. భూభ్రమణమును ఊహించిన తత్త్వవేత్తలు యవనులలోను కలరు గాని, దానిని గణితమున నిలిపిన ఘనత ఈయనదే యని నా యభిప్రాయము. ఐనను సూర్యుని చుట్టు భూమి తిరుగుచున్నదని మాత్రము ఆయన చెప్పలేదు.

ఇంతటి మాట నిలువకపోవుటకు కారణము పూర్వులయందలి మూర్ఖత్వము కాదు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికయందు అడిగిన ప్రశ్న న్యాయమైనది: భూమి తిరుగుచున్నచో ఆకాశమునకెగసిన డేగ తిరిగి తన గూటికెట్లు చేరును? పతాకలన్నియు సదా పడమటికేల యెగురవు? క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు, ఉన్నతమైన కట్టడములు ఏల కూలవని ఆక్షేపించెను. బ్రహ్మగుప్తునికి నాలుగు శతాబ్దులకు పైగా పూర్వమే అలెగ్జాండ్రియాలో టాలెమీ కూడ మేఘములను, ఎగురు వస్తువులను సాక్ష్యముగ చూపి ఇదే వాదము చేసియుండుట గమనింపదగినది. భూమధ్యరేఖవద్ద భూతలము గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుచున్నది. ఆ వేగము మనకేల తెలియదో చెప్పగల చలనశాస్త్రము ఆనాడు ఏ దేశమునందును లేదు. 9వ శతాబ్దిలో పృథూదకస్వామి ఆర్యభటుని పక్షమున నిలిచెను; 11వ శతాబ్దిలో అల్బెరూనీ, ఏ పక్షము గ్రహించినను గణితమునకు లోపము రాదని వ్రాసెను. కాని తక్కిన వ్యాఖ్యాతలు పెక్కురు గురువుగారి మాటకు వేరర్థము చెప్పి తప్పించుకొనిరి. డేగ ప్రశ్నకు ఉత్తరము దొరకనంతకాలము ఆర్యభటీయము సత్యమై యుండియు నిరాధారమై యుండెను.

1543లో కోపర్నికసు భూమికి దైనందిన, వార్షిక చలనములు రెంటిని కల్పించెను. అక్షము ఏడాది పొడవునను ఒకే దిక్కునకు ఒరిగియుండుటకై మూడవ చలనమును గూడ చేర్చెను. అది యనవసరమనియు, తిరుగు వస్తువు తన యక్షపు దిశను తానే నిలుపుకొనుననియు తరువాత తెలిసినది. డేగ ప్రశ్నకు సమాధానము 1632లో గెలీలియో చెప్పెను: సమవేగమున సాగు ఓడలోని మూసిన గదియందు సీతాకోకచిలుకలు ఏ దిక్కునకైనను సమానముగ ఎగురును, చుక్కలుగ జారు నీరు తిన్నగ క్రింది పాత్రలోనే పడును, ఏలయన అవియు ఓడ వేగమును పంచుకొనియే యున్నవి. పిదప ప్రత్యక్ష ప్రమాణములు వచ్చెను. నక్షత్రకాంతి యేటేట కొలదిగ అపసరించుటను బ్రాడ్లీ 1728లో వివరించి భూమి సూర్యుని చుట్టు తిరుగుటను నిరూపించెను. 1851లో ఫూకో పారిసునందలి పాంథియన్ భవనమున 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును వ్రేలాడదీసి యూపగా, ఆ యూగులాట తలము గంటకు సుమారు 11 అంశలు తిరుగుట జనులు కన్నులార కాంచిరి. అట్టి లోలకము హైదరాబాదున పూర్తిగ చుట్టివచ్చుటకు దాదాపు 80 గంటలు పట్టును. ధ్రువమున నైనచో ఒక్క దినమే చాలును.

వేసవియందు సూర్యుడు దగ్గరగుననుకొను భ్రమ చదువుకొన్నవారిలోను నేటికిని కలదు. భూమి సూర్యునకు మిక్కిలి సమీపించుట జనవరి మొదటి వారమున, మన చలికాలమున. అప్పటి దూరము 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలై మొదట 15.2 కోట్లు. ఋతుభేదమునకు మూలము దూరము కాదు, వంపు. డిసెంబరు చివర హైదరాబాదున మధ్యాహ్నసూర్యుడు క్షితిజమునకు 49 అంశల ఎత్తున మాత్రమే నిలుచుటచే, నిట్టనిలువున పడు కాంతిలో ముప్పాతిక పాలు మాత్రమే ఒక్కొక్క గజము నేలకు అందును; పగలును కురుచయే. మే 9 ప్రాంతమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. తెలుగుదేశమున మే మాసపు ఎండలు జూను ఎండలను మించుటకు ఇది యొక కారణము. జూనులో కమ్ముకొను నైరుతి మేఘములు రెండవది.

ఈ యొరిగిన అక్షము కూడ స్థిరము కాదు. వేగము తగ్గిన బొంగరము తల త్రిప్పునట్లు, అది దాదాపు 26,000 ఏండ్లకొకమారు ఆకాశమున వలయము చుట్టును. దీనివలన ఉత్తరాయణారంభము నక్షత్రములలో వెనుకకు జరుగుచున్నది. 72 ఏండ్లకు ఒక అంశ. వేదాంగ జ్యోతిషకాలమున ధనిష్ఠాదియందు మొదలైన ఉత్తరాయణము వరాహమిహిరుని నాటికి మకరాదికి జరిగెను. భూభ్రమణమును కాదన్న ఆ వరాహమిహిరుడే బృహత్సంహితయందు, పూర్వశాస్త్రములు చెప్పిన అయనము తన కాలమున తప్పినదని నిర్భయముగ చెప్పి, దూరపు గుర్తుతోను, వృత్తమున ప్రవేశించి వెడలు నీడతోను ప్రత్యక్షముగ పరీక్షించి తెలిసికొనుడని ఆదేశించెను. క్రీ.శ. 3వ శతాబ్ది చివర మకర సంక్రాంతియు, నిజమైన ఉత్తరాయణారంభమును ఒకే దినమున కలిసియుండెను. నేడవి మూడువారములకు పైగా ఎడమైనవి. మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘము చేసిన సూచనలపై 1957 మార్చి 22 నుండి అమలైన జాతీయ పంచాంగము ఋతువులను సూర్యుని నిజస్థానమునకు కట్టి, పుష్య మాసమును డిసెంబరు 22న ఆరంభించుచున్నది. సంక్రాంతి పండుగను మార్పనక్కరలేదు; అది పంటలు ఇంటికి వచ్చు వేళ ప్రజలు ఏర్పరచుకొన్న పండుగ. కాని వరాహమిహిరుని వాక్యమును ప్రమాణముగ గ్రహించు మన పంచాంగకర్తలు, సూర్యుడు వాస్తవముగ ఉత్తరమునకు మరలు దినమును గూడ ప్రతి గృహస్థునకు కనబడునట్లు పంచాంగముల మొదటి పుటయందే ముద్రింపవలెను.