పంటికీ పంటికీ నడుమ

1907లో నాంపల్లి స్టేషన్ మొదలయ్యేనాటికే హైదరాబాద్‌లో నిమిషానికి విలువ వచ్చేసింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లోనే రైలు వచ్చింది. బండ్లు చాలాకాలం మద్రాసు సమయం ప్రకారం నడిచాయి. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే ప్రామాణిక సమయం వచ్చింది. సూర్యుణ్ని బట్టి చూస్తే హైదరాబాద్ దానికి పదహారు నిమిషాలు వెనక. నీడ చూసుకుని ఇంట్లోంచి బయల్దేరినవాడికి బండి దొరికేది కాదు, గడియారాన్ని నమ్మాల్సిందే.

ఆ నమ్మకాన్ని మోసే గడియారాలు ఊళ్లో అప్పటికే ఒక్కొక్కటిగా పైకెక్కుతున్నాయి. చార్మినార్ మీద 1889లో, మహబూబ్ చౌక్‌లో 1892లో, సికింద్రాబాద్‌లో 1897లో. నాంపల్లికీ అబిడ్స్‌కీ నడుమ, నల్లరాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన రెండో కొడుకు పేరు పెట్టిన ఆ కట్టడానికి నడినెత్తిన గడియారం ఉంది. కింద పళ్లు, పూలు, అత్తరు కొనుక్కునేవాళ్లకు కనిపించేది ముల్లు ఒక్కటే. అసలు కథ ముల్లు వెనకున్న పళ్ల చక్రాలది.

ఏ రెండు పళ్ల చక్రాలను జత చేసినా పంటికీ పంటికీ మధ్య సన్నని ఖాళీ వదలాలి. ఇంజనీర్లు దాన్ని బ్యాక్‌లాష్ అంటారు, షెడ్డులో మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. ఖాళీ అసలు లేకపోతే నూనెకు చోటుండదు. మే నెల ఎండకు లోహం సాగితే పళ్లు ఒకదాన్నొకటి బిగబట్టేస్తాయి. చక్రం కోతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఒక చుట్టులో ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. అందుకే ఖాళీని తప్పుగా చూడకూడదు. తప్పంతా అది ఎంతుందో తెలియకపోవడంలోనే ఉంది.

బరువులతో నడిచే గోపుర గడియారంలో చక్రాలు ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగబడుతుంటాయి. పంటికి ఒక పక్కే రాపిడి, రెండో పక్క ఖాళీ. మామూలుగా దాంతో ఇబ్బంది లేదు. చిక్కంతా పెద్ద ముల్లుతోనే. ఆరు మీది నుంచి పన్నెండుకు ఎక్కేటప్పుడు ముల్లును యంత్రం మోయాలి. పన్నెండు దాటాక ముల్లు తన బరువుతో తానే కిందికి జారాలని చూస్తుంది. అప్పుడు పళ్లు ఖాళీని దాటి రెండో పక్కకు వాలతాయి, ముల్లు కాస్త ముందుకు ఉరుకుతుంది. దీన్ని ఆపడానికే ముల్లుకు వెనక తోకలా ఎదురుబరువు కడతారు. ఈదురుగాలికీ ఇదే జరుగుతుంది: ఖాళీ ఎంతుంటే ముల్లు అంత ఊగుతుంది.

లెక్క వేసి చూడండి. చక్రం మధ్య నుంచి పంటి దాకా 50 మిల్లీమీటర్లు, అరిగిన పళ్ల దగ్గర ఖాళీ 1 మిల్లీమీటరు అనుకుందాం. మీటరు పొడవున్న ముల్లు కొస దగ్గర అది 20 మిల్లీమీటర్లవుతుంది, అంటే దాదాపు పదకొండు సెకన్లు. ఒకే యంత్రం నుంచి నాలుగు ముఖాలకు కడ్డీలు వెళ్లే గోపురాల్లో ఒక్కో కడ్డీకీ దాని చక్రాలు దానికే ఉంటాయి, వాటి అరుగుదలా వేరే. ఒకే గోపురం తూర్పున ఒక టైము, పడమర ఒక టైము చూపించడానికి ఇదీ ఒక కారణం. అందుకే టైము సరిచేసేటప్పుడు పెద్ద ముల్లును వెనక్కి తిప్పి వదిలేయకూడదు. కావలసిన నిమిషానికి వెనకనుంచి ముందుకు తెచ్చి ఆపాలి. అప్పుడే పళ్లు ఆనవలసిన పక్కే ఆనుకుని ఉంటాయి.

కొలవడం కష్టం కాదు, ఓపిక కావాలి. ఒక చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచాలి. రెండోదాని పంటి మీద, దాని కదలికకు ఎదురుగా డయల్ గేజి మొన ఆనించాలి. చక్రాన్ని చేత్తో ఇటూ అటూ మెల్లగా కదిపితే సూది ఎంత తిరిగిందో అదే ఖాళీ. ఒక్కచోట చూసి ఊరుకోకూడదు. చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పి నాలుగుచోట్లా చూడాలి. నాలుగు కొలతలూ కలవకపోతే ఇరుసో చక్రమో వంకర పోయిందన్నమాట. గేజి పట్టని ఇరుకు చోట మెత్తని సీసపు తీగను పళ్ల మధ్యకు పంపుతారు. పంటికి రెండు పక్కలా నలిగిన మందాలను కలిపితే ఖాళీ తెలుస్తుంది.

నగరంలో ఈ పని గడియారాలతో ఆగలేదు. 1932 జూన్‌లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సు వెనక ఇరుసులో క్రౌన్ చక్రమూ పినియనూ కలిసేచోట కూడా కొలవాల్సింది ఈ ఖాళీనే.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఆకాశం పెట్టింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో గ్రబ్ సంస్థ చేసిన పదిహేను అంగుళాల దూరదర్శిని తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేశారు. ఆయన పోయాక 1908లో ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది, బేగంపేటలో స్థిరపరిచింది. ప్రపంచ వేధశాలలు పంచుకుని చేసిన ఆకాశపటంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాద్ వంతుకొచ్చింది. నక్షత్రాన్ని ఫొటో పలకపై నిమిషాల తరబడి కదలకుండా నిలపాలంటే, భూమి తిరిగే వేగంతోనే దూరదర్శినీ తిరగాలి. అలా తిప్పే చక్రం పళ్లలో ఖాళీ ఉంటే చుక్క గీత అయిపోతుంది. అందుకు ఖగోళజ్ఞులు ఎక్కడైనా పాటించే ఉపాయం ఒకటుంది: గొట్టాన్ని సరిగ్గా తూకం వేయరు, ఒక పక్కకు కొంచెం బరువు ఎక్కువ ఉంచుతారు. దాంతో పళ్లు ఎప్పుడూ ఒకే పక్క ఆనుకుంటాయి. మైక్రోమీటరుతో కొలిచేటప్పుడూ అంతే, కొలిచే గీత మీదికి ప్రతిసారీ ఒకే దిక్కు నుంచి రావాలి.

ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బప్పు. అబిడ్స్‌కు దగ్గర్లోని నిజాం కాలేజీలో చదివి, దేశపు ఖగోళ పరిశోధనకు పెద్దదిక్కయ్యారు. కావలూరులోని 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు.

మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. మిగతా పాత గోపురాల వంతు వచ్చినప్పుడు బాగుచేసేవాళ్లకు ఒక విన్నపం. అరిగిన చక్రాలు తీసేసి విద్యుత్ మోటారు బిగించే ముందు, ఏ చక్రానికి ఎన్ని పళ్లున్నాయో, ఏ జతకు ఎంత ఖాళీ వచ్చిందో కొలిచి, తేదీ వేసి రాసి పెట్టండి.