సర్కారు తుమ్మ మన తండాకు ఎప్పుడొచ్చింది?



హాలియా నుంచి సాగర్ దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా సర్కారు తుమ్మే. చెరువు శిఖంలో అదే, తండా బీడులో అదే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నం కాబట్టి ఇది మన చెట్టే అనుకున్నం. హాస్టల్లో కూర్చొని చదివితే కాదని తెలిసింది.

దాని పుట్టినిల్లు అమెరికా ఖండాల వేడి నేలలు. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఎండు నేలల్లో నాటడానికి ఈ విత్తనాలు కావాలని ప్రభుత్వానికి రాసిండు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటిన్రు. తెచ్చింది సర్కారే, పేరు కూడా సర్కారుదే.

తర్వాత దాన్ని మోసినయి మేకలు, పశువులు. కాయ తియ్యగా ఉంటది, గింజ అరగదు, పేడలో పడి మొలుస్తది. నరికితే మొదట్లో మళ్లీ చిగురు వేస్తది. దాని కింద గడ్డి సరిగా రాదు. అయితే తిట్టే ముందు ఒకటి ఒప్పుకోవాలె: మన యాడీల పొయ్యి ఎన్నో ఏండ్లు ఈ కట్టెతోనే మండింది. బొగ్గు కాల్చి బతికిన ఇండ్లు కూడా ఉన్నయి.

మరి ఇది ఎంత దూరం కమ్మిందో ఎట్లా లెక్కగడతరు? 2006 నుంచి నాలుగేండ్లకోసారి దేశమంతా పులుల లెక్క జరుగుతది. అప్పుడు సిబ్బంది అడవిలో రెండు కిలోమీటర్ల గీత మీద నడిచి, 400 మీటర్లకోసారి ఆగి చెట్టు, పొద, కలుపు రాసుకుంటరు. మన నల్లగొండ జిల్లా అడవిలో కొంత భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వులోనే ఉంది. అక్కడ చెంచు అన్నలు కూడా వాచర్లుగా పనిచేస్తున్నరు. ఇట్లా 20 రాష్ట్రాల్లో లక్షన్నరకు పైగా చోట్ల రాసిన లెక్కలతో 2023లో ఒక పరిశోధన వచ్చింది. దేశంలోని సహజ ప్రాంతాల్లో మూడింట రెండు వంతులకు ఇసుంటి మొక్కల ముప్పు ఉందని అది తేల్చింది.

ఉపగ్రహం కూడా పనికొస్తది. ఎండాకాలం మోదుగ ఆకు రాల్చినా సర్కారు తుమ్మ పచ్చగానే ఉంటది, పైనుంచి తెలిసిపోతది. కానీ పెద్ద చెట్ల కింద పాకిన లంటానా పొద పైనుంచి కనిపించదు. ఈ కంప కింద ఒకప్పుడు ఎవరి జొన్నచేను ఉండేనో కూడా ఇవాళ్టి ఫోటో చెప్పదు.

అసలు సంగతి ఇదే. కంప కమ్మిన చేను పదేండ్లకు చేనులాగ కనిపించదు. చూసినోళ్లు బంజరు అంటరు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నమని చూపాలె. హక్కుదారు కాని పెద్దమనిషి చెప్పిన మాటను రాతలో పెడితే, ఆ చట్టం నియమాల్లో అది కూడా ఒక ఆధారమే. అదొక్కటే చాలదు, ఇంకో ఆధారం తోడు కావాలె. కానీ రాయకపోతే అది కూడా ఉండదు.

కమలాపురం కథకు కాగితం ఉంది. మన తండా కథ దాదాల నోట్లోనే ఉంది. అందుకే ఈ సెలవుల్లో తండాకు పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోదాం. దాదాను వెంట తీసుకొని బీడంతా తిరుగుదాం. ఈ కంప ఎప్పుడొచ్చింది, అంతకుముందు ఇక్కడ ఏముండె, ఎవరు దున్నిన్రు అని అడుగుదాం. తేదీ వేసి, చెప్పినోళ్ల సంతకమో వేలిముద్రో తీసుకుందాం.

దాదాలు ఉన్నప్పుడే అడగాలె.