చచ్చిన కప్పను కోసి చూసినవాళ్ళు

నేను పశువైద్యం చదివిన రోజుల్లో చర్మానికి పట్టే బూజు అంటే తామరే. దూడకైనా పులికూనకైనా మచ్చ అంచున బ్లేడుతో గీకి, ఆ పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, స్లయిడును కాస్త వెచ్చచేసి మైక్రోస్కోపు కింద పెట్టేవాళ్ళం. వెంట్రుక చుట్టూ బీజాలు కనబడితే రోగం తేలినట్టే. మందు గ్రిసియోఫల్విన్. 1958లో గ్లాస్గోలో గినీపందుల తామరను కడుపులోకి ఇచ్చి నయంచేసిన మందది. మరి వెంట్రుకే లేని జంతువు మాటేమిటి?

ఆ పాఠం వాషింగ్టన్ నేషనల్ జూ నుంచి వచ్చింది. 1990ల రెండో సగంలో అక్కడ పెంచుతున్న నీలి విషకప్పలు చచ్చిపోసాగాయి. ఇవి దక్షిణ అమెరికాలోని సురినామ్ కప్పలు. జూ పాథాలజిస్టులు డొనాల్డ్ నికోల్స్, అలన్ పెస్సియర్ ఆ చర్మాన్ని పల్చగా కోసి, రంగులు వేసి చూస్తే పైపొరలో గుండ్రటి సంచులు కనిపించాయి. తామర పోగుల పోలికే లేదు. నీటి బూజుల్లో ఆరితేరిన మెయిన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త జాయిస్ లాంగ్‌కోర్ ఆ బూజును విడిగా పెంచారు. ముగ్గురూ కలిసి 1999లో దానికి బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్ అని పేరు పెట్టారు. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రేలియా, పనామా అడవుల్లో చచ్చిన కప్పల చర్మంలోనూ ఇలాంటి బూజే ఉందని లీ బెర్గర్ బృందం ప్రకటించింది.

చికిత్స కూడా నికోల్స్ వాళ్ళే కుదిర్చారు: 0.01 శాతం ఇట్రాకొనజోల్ కలిపిన ద్రావణంలో రోజుకు 5 నిమిషాలు, 11 రోజులు స్నానం. తోకకప్పలకు మాత్రం ఆ మోతాదు ప్రమాదం. ఇంత చిన్న బూజు ప్రాణం ఎలా తీస్తుందో 2009లో తేలింది. కప్ప నీళ్ళనూ లవణాలనూ చర్మంతోనే పీల్చుకుంటుంది. ఆ చర్మం చెడితే నెత్తుటిలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగుతుంది.

ప్రపంచమంతటా కప్పల్ని ఊడ్చేసిన రోగానికి పేరూ, మందూ ఒక జూ పోస్టుమార్టం బల్ల దగ్గర మొదలయ్యాయి. అందుకే జూలో చేరే కుర్ర డాక్టర్లకు నేను చెప్పేది ఒకటే: చచ్చింది అరచేతిలో పట్టేంత జంతువైనా సరే, పూడ్చే ముందు కోసి చూడండి. చర్మం ముక్క ఒకటి ఫార్మలిన్‌లో దాచండి.